జెండా దిగిన ఇల్లు

ప్రొద్దుటూరు శివారులోని మా కాలనీలో ఎవరి ఇల్లు ఉందో, ఎవరిది పోయిందో తెలుసుకోవడానికి ఒకరిని అడగనక్కరలేదు. ప్రతి ఇంటి కప్పు మీదా కర్రకు కట్టిన ఎర్రగుడ్డ ఉంటుంది. తెల్లవారేసరికి ఏ కప్పు మీదైనా ఆ గుడ్డ లేకపోతే, ఆ ఇంటివాళ్లకు ఇక్కడ చోటు లేదని అర్థం. ఎవరూ వచ్చి కేకలు వేయరు, సామాను బయట పడేయరు. నీళ్ల ట్యాంకరు దగ్గర వాళ్ల బిందెకు వంతు రాదు, అంతే. ఎదురుపడ్డవాళ్లు పలకరించరు. మూడో రోజో నాలుగో రోజో వాళ్లే మూటలు కట్టుకుని పోతారు.

మాది జమ్మలమడుగు వైపు ఒక ఊరి కరణం వంశం. ఏ చేను ఎవరిదో, ఏ గట్టు ఎక్కడిదాకానో మా ఇంటి దస్తరాల్లో ఉండేది. మా తాత రాసిన పుటలో కొట్టివేత ఉండేది కాదు. ఒకసారి రాస్తే రాసినట్టే. కరణీకాలు రద్దయిన రోజున ఆయన దస్తరాలన్నీ బండికెత్తించి కచేరీకి పంపాడు. మళ్లీ చచ్చేదాకా కలం పట్టలేదు. ఆ తర్వాత పొలాలు పోయాయి, ఇల్లు పోయింది. మిగిలిన రాతను పట్టుకుని నేను ప్రొద్దుటూరు వచ్చి ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో గుమాస్తాగా చేరాను. మిల్లు మూతపడింది. అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సిన రోజుల్లోనే, ఎర్రజెండా సంఘం ఊరి బయట పంటకు పనికిరాని గరుగు నేలలో గుడిసెలు వేయిస్తోందని మా ఆవిడ విని వచ్చింది. వంశం పేరు చెప్పి నేను రెండు రోజులు భీష్మించుకుని కూర్చున్నాను. మూడో రోజు గుంజలు పాతాను.

సంఘం కార్యదర్శి చెడ్డవాడని నేను అనను. పోలీసులు గుడిసెలు పీకడానికి వచ్చిన రోజు మొదటి లాఠీదెబ్బ తిన్నది ఆయనే. ఆయన ఎడమచెయ్యి ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. పట్టాల కోసం నేను రాసిన అర్జీని ఆ చేత్తోనే పట్టుకుని చూసి, "అచ్చు గుద్దినట్టుండాదే!" అన్నాడు. "మీ తాత పెద్దోళ్ల కోసం రాసినాడు. నువ్వు పేదోళ్ల కోసం రాయి, కరణం కామ్రేడ్." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు కోపం రాలేదు. చాలా ఏళ్ల తర్వాత మా ఇంటి రాతకు ఒక పని దొరికింది.

ఆయన నాకు రెండు పుస్తకాలు ఇచ్చాడు. ఒకటి హాజరు పుస్తకం. సంఘం పిలిచిన ప్రతి ధర్నాకూ ఊరేగింపుకూ ఇంటికొకరు రావాలి. మూడు పిలుపులు తప్పితే ఇల్లు వేరేవాళ్లకు పోతుంది. ఇది అందరూ చేతులెత్తి ఒప్పుకున్న నియమం. దాన్ని చదివి వినిపించింది నేనే. రెండోది తరగతి పుస్తకం. ఆదివారాలు రేకుల షెడ్డులో సిద్ధాంతం చెప్పడం కూడా నా పనే. ఏం చెప్పానో, ఎవరేం అడిగారో అందులో రాయాలి.

ఆ సిద్ధాంతం నన్ను నిజంగానే కట్టిపడేసింది. ఎవరికి చేతనైనంత వాళ్లు చేయడం, ఎవరికి కావలసినంత వాళ్లు తీసుకోవడం. భూమికి యజమాని ఉండడు, కాబట్టి కరణమూ అక్కరలేదు. మా తాత ముందు చేతులు కట్టుకుని నిలబడే రైతులను చిన్నప్పుడు చూసినవాణ్ణి గనుక, నాకది పుస్తకంలో మాటలా అనిపించలేదు.

ఒక ఆదివారం, కార్మికుల చేతిలోకి వచ్చిన రాజ్యం చివరికి అవసరం తీరి దానంతట అదే రాలిపోతుందని చెబుతున్నాను. వెనక వరసలోంచి మా ఎదురింటి పెద్దాయన చెయ్యెత్తాడు. నేతగాడు. డెబ్బై దాటినా గుడిసెలో గుంట తవ్వి మగ్గం ఆడిస్తున్న మనిషి.

"ఎట్ల రాల్తాది సామీ? ఆకు మాదిరా?"

"అట్లాంటిదే."

"అది రాలిపోయినాక ఈ హాజరు ఎవురు రాస్తారు?"

షెడ్డంతా గొల్లుమంది. "సామి ఉండాడు గదప్పా, ఆయప్ప రాలడు!" అంది ఒకామె. నేనూ నవ్వాను.

"నవ్వొద్దండి. నేను ఆడికి పోయి చూసొచ్చినోన్ని," అన్నాడు పెద్దాయన. వయసులో ఉన్నప్పుడు నేతగాళ్ల బృందంలో పార్టీవాళ్లు ఆయనను రష్యాకు తీసుకుపోయారు. ఆ సంగతి కాలనీలో అందరికీ తెలుసు. ఆ రోజు చెప్పింది మాత్రం ఎవరికీ తెలియదు.

"పెద్ద మిల్లు. పనిచేసేటోళ్లకు ఇల్లు వాళ్లే ఇస్తారు, ఆస్పత్రి వాళ్లదే. అబద్ధమెందుకు చెప్పల్ల, అదంతా నిజమే. ఒకామె దగ్గర నిలబడి బట్ట పట్టుకుని చూసినా. పోగులు తప్పినాయి. నేసేటోనికి వేలు పెడితేనే తెలుస్తాది. ఏమ్మా, నూలు మంచిది రాలేదా అని అడిగించినా. ఆమె నవ్వతా, శానా బాగుండాది అనింది. నోరు నాతో మాట్లాడతాంది సామీ, కండ్లు తలుపు కాడ ఉండాయి. ఆడ ఒకడు నిలబడుండాడు, చేతిలో పుస్తకం. ఏం అనడు, ఏం రాయడు. ఊరికే నిలబడుండాడు."

తువ్వాలు భుజాన సర్దుకుని, "ఊరికొచ్చి మీటింగుల్లో అన్నీ చెప్పినా. ఆ కండ్ల సంగతి ఇన్నేండ్లూ యాడా చెప్పలా," అని కూర్చున్నాడు.

చర్చ జరిగింది అని రెండు ముక్కలు రాస్తే సరిపోయేది. నేను ఆయన మాటలను ఒక్కటీ వదలకుండా రాశాను. విన్నది విన్నట్టు రాయడం మా ఇంటి విద్య. ఆ పుట చూసుకుని గర్వపడ్డాను కూడా.

మరునాడు కార్యదర్శి టీ తాగుతూ ఆ పుట చదివాడు. వెనక్కి తిప్పి మళ్లీ చదివాడు.

"బాగ రాసినావు," అన్నాడు. తర్వాత, "పెద్దాయన ఈ మధ్య ఎన్ని పిలుపులకు రాలా?"

హాజరు పుస్తకం చూసి, "రెండింటికి," అన్నాను.

"ఇంగ వచ్చేది పులివెందులది, మూడోది గదా," అని గ్లాసు కింద పెట్టాడు. ఎండాకాలం పొద్దున్నే గాలి ఆగిపోయినప్పుడు ఎలా ఉంటుందో, నాకు అలా ఉండింది.

శనగలకు ధర కావాలని పులివెందులలో ఊరేగింపు. దానికి రెండు రోజుల ముందు పెద్దాయన మా గడపలోకి వచ్చాడు. జమ్మలమడుగులో ఉన్న కూతురికి సరిగ్గా ఆ రోజే ఆపరేషన్. వెంట ఉండడానికి ఆమెకు ఇంకెవరూ లేరు.

"పేరు పక్కన ఒక టిక్కు పెట్టు సామీ. ఎవురు చూస్తాండారు?"

"లేని మనిషిని ఉన్నాడని మా వంశంలో ఎవరూ రాయలేదు పెద్దాయనా."

"మీ తాత రాసినాడులే!" అన్నాడు నవ్వుతూ. "ఉన్నోనికి లేనట్టు, లేనోనికి ఉన్నట్టు రాసినాడని మీ ఊర్లోనే చెప్పుకుంటారు. నువ్వు ఒక్క టిక్కుకు ఇంత బిగుసుకుంటాండావే!"

అది వేళాకోళమని నాకు తెలుసు. కార్యదర్శి అడిగిన ప్రశ్న సంగతి ఆయనకు చెప్పాలనే అప్పటిదాకా అనుకుంటున్నాను. ఈసారి తప్పితే ఇల్లు పోతుందని, ఇంకెవరినైనా ఆయన పేరున పంపమని ఒక్క మాట. తాత పేరు ఎత్తాక ఆ మాట నా నోట రాలేదు. లేచి నిలబడ్డాను. ఆయన వెళ్లిపోయాడు.

పులివెందులకు పోయే లారీలో నిలబడి పేర్లు పిలిచాను. ఆయన పేరు దగ్గర ఎవరూ పలకలేదు.

"బిడ్డకు ఆపరేషనంట సామీ," అంది ఒకామె.

"ఇందులో కారణం రాసే గడి లేదమ్మా," అని సున్నా చుట్టాను.

తర్వాతి ఆదివారం తరగతికి బదులు సమావేశం పెట్టారు. పెద్దాయన నిలబడి, "పోలీసులు కొట్టిన దినం నీ పక్కన దెబ్బలు తిన్నోన్ని గదా కామ్రేడ్," అన్నాడు.

"తిన్నావు. నేను కాదంటానా? ఈడ అందరం తిన్నాం. నియమం నాది కాదు, అందరిదీ," అన్నాడు కార్యదర్శి. ఆయన గొంతులో కోపం లేదు. "సామీ, చదువు."

మూడు తేదీలు చదివాను.

"రష్యా మాట చెప్పినానని గదా ఇదంతా?"

"ఆ మాట ఈడ ఎవురెత్తినారు?" కార్యదర్శి చుట్టూ చూశాడు. "ఎవురన్నా ఎత్తినారా?"

ఎవరూ ఎత్తలేదు. ఇల్లు వేరేవాళ్లకు ఇవ్వడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నాడు. పెద్దాయన మొహం చూసినవాడు ఒక్కడూ లేడు. ముందు కార్యదర్శి వైపు చూశారు, తర్వాత నా ఒళ్లో పుస్తకం తెరిచి ఉందో మూసి ఉందో చూశారు. తెరిచే ఉంది. చేతులు ఒక్కొక్కటే లేచాయి. కుడిచేతిలో కలం ఉంది గనుక నేను ఎడమచెయ్యి ఎత్తాను. పేర్లు రాసేటప్పుడు మొదట నా పేరే రాశాను.

ఇంటికి వస్తే మా ఆవిడ కంచం పెట్టింది. "రాసేది రాసినావు గదా, తిను," అని లోపలికి పోయింది. ఆ పూట ఆమె తినలేదు.

మరునాడు తెల్లవారేసరికి ఎదురింటి కప్పు మీద గుడ్డ లేదు. అది ఎవరు తీస్తారో ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ చూడలేదు. నాలుగో రోజు ఆయన మగ్గం విప్పి కొయ్యలను ఆటోలో వేసుకున్నాడు. జమ్మలమడుగుకు, కూతురి దగ్గరికి. నేను గడపలో నిలబడి ఉన్నాను. కాలనీలో ఆయనను పలకరించినవాళ్లు లేరు. ఆయనే నా దగ్గరికి వచ్చాడు.

"నేను చెప్పింది పుస్తకంలో ఉండాది గదా సామీ? కొట్టేయొద్దు. ఉండనీ."

"మా రాతలో కొట్టివేతలుండవు."

"అదే గదా వచ్చిన కష్టం," అని నవ్వి ఆటో ఎక్కాడు.

తరగతులు ఆగలేదు. అదే షెడ్డు, అదే సిద్ధాంతం. ఇప్పటికీ దాంట్లో నాకు తప్పు కనిపించదు. చెప్పడం అయిపోయాక ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడుగుతాను. అందరూ నేల చూస్తారు. ప్రశ్నలు లేవు అని రాస్తాను. ఆ రోజు నుంచి ప్రతి పుటలోనూ అదే మాట ఉంది. రోజూ పొద్దున లేవగానే బయటికి వచ్చి నేను మొదట చూసేది మా ఇంటి కప్పు.

ఎదురింటిని వల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక కూలి కుటుంబానికి ఇచ్చారు. మగ్గం గుంటను మన్నుతో పూడ్చి, దాని మీదే పొయ్యి పెట్టుకున్నారు. ఆ మన్ను సరిగా గట్టిపడలేదు. పొయ్యి ఒక పక్కకు కుంగి ఉంది. పేర్లు రాసుకోవడానికి వెళ్లినప్పుడు ఆ ఇల్లాలిని అడిగాను.

"ఇల్లు సౌకర్యంగా ఉందా అమ్మా? నీళ్లకు ఇబ్బంది లేదు గదా?"

ఆమె నవ్వింది. "శానా బాగుండాది సామీ."

మాట నాతోనే అంది. చూపు నా చంకలోని పుస్తకం మీద ఉంది. నేను పుస్తకాన్ని రెండో చంకలోకి మార్చుకున్నాను. ఆమె కళ్లు కూడా అటు మారాయి.