మామ వేసిన సున్నా

ఆ రోజుల్లో నాకు ప్రపంచంలోని మనుషులంతా అర్థమైపోయారు. వయసు ఇరవై మూడు. ఎమ్మిగనూరులో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి, ఆదోనిలో డిగ్రీ అయిందనిపించి, హైదరాబాదులో హోటలు పనుల కోర్సేదో చదివి, ఎవరి పుణ్యమో ఒక విహార ఓడలో ఉద్యోగం సంపాదించినవాడికి ఆ మాత్రం జ్ఞానం కలగడంలో వింతేమీ లేదు. (అంతకుముందు నేను చూసిన అతి పెద్ద నీళ్ళు తుంగభద్ర కాలువ. అదీ నీళ్ళు వదిలినప్పుడు.) ఓడలో నాది పెద్ద పని కాదు. ప్రయాణికులకు ఏం కావాలో కనుక్కోవడం, దిగేముందు అందరి చేతా అభిప్రాయాల ఫారం నింపించడం, వాటిని చదివి పై అధికారికి సారాంశం రాసివ్వడం. ఫారంలో భోజనం, గది, శుభ్రత, వినోదం అని వరుసగా గడులుండేవి. ఒక్కోదానికీ ఒకటి నుంచి పది దాకా మార్కులు వెయ్యాలి. అన్నిటికన్నా కింద 'మిమ్మల్ని చూసుకున్న ఉద్యోగి' అని ఇంకో గడి, దాని పక్కన నా పేరు.

ఐదు నెలలు ఆ ఫారాలు చదివి చదివి నేనొక సిద్ధాంతం తయారుచేశాను. అదే ఓడ, అదే సముద్రం, అదే గిన్నెలోంచి వడ్డించిన సూపు, అయినా ఎవరి దేశం వాళ్ళచేత మార్కులు వేయిస్తుంది. ఇంగ్లండు వాళ్ళు 'క్షమించాలి, ఇది చాలా చిన్న విషయం' అని మొదలుపెట్టి పేజీన్నర రాస్తారు. జర్మనీ వాళ్ళు మెచ్చుకోరు, తిట్టరు. గోవాలో ఎనిమిదింటికి ఆగాల్సిన ఓడ ఎనిమిదీ నాలుగుకు ఆగిందని మాత్రం తెలియజేస్తారు. అమెరికా వాళ్ళకు అన్నీ అద్భుతమే, గ్లాసులో ఐసుముక్కలు తగ్గితే తప్ప. ఇటలీ వాళ్ళు కాఫీ ఒక్కటి రుచి చూసి, దాన్నిబట్టి ఓడ మొత్తానికీ మార్కులు వేసేస్తారు. జపాను వాళ్ళు వంగి వంగి దండాలు పెట్టి అన్నిటికీ తొమ్మిది వేస్తారు. మెచ్చుకున్నారో నొచ్చుకున్నారో వాళ్ళు మళ్ళీ వస్తే గాని తెలియదు. ఇక ముంబైలో ఎక్కే మనవాళ్ళు భోజనాల దగ్గర నాలుగుసార్లు వడ్డించుకుని 'వెరైటీ తక్కువ' అని రాస్తారు. ఇవన్నీ దేశానికో పేజీ చొప్పున నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను. పేరు మూసిపెట్టి ఫారం చూపిస్తే ఏ దేశమో చెప్పేవాణ్ణి. తోటి ఉద్యోగులు ఆశ్చర్యపోయేవారు, నేను మాత్రం ఆశ్చర్యపోయేవాణ్ణి కాదు.

మా పై అధికారి గ్రీసు దేశపావిడ. అందరం పెద్దమేడం అనేవాళ్ళం. ఆమె నవ్వగా చూసినవాళ్ళు లేరు. ఆమె దేశం వాళ్ళెవరూ మా ఓడ ఎక్కకపోవడంతో ఆ పేజీ ఒక్కటీ ఖాళీగా ఉండిపోయింది. నా ఆరు నెలల పరీక్షాకాలం అయిపోవచ్చింది. ఆఖరి నెలలో నా గడికి సగటున తొమ్మిది వస్తే మూడేళ్ళ ఒప్పందం, రాకపోతే ఇంటికి. ఇంటికంటే ఎమ్మిగనూరుకు, ఎమ్మిగనూరుకంటే మా మేనమామ విత్తనాల అంగడికి. మామకు కొడుకుల్లేరు. నేను పుట్టినప్పటి నుంచీ ఆ అంగట్లో తన పక్కన నాకొక కుర్చీ చూసిపెట్టుకున్నాడు. ఆ కుర్చీలో కూర్చుని పత్తిగింజల ప్యాకెట్లు అమ్ముతున్నట్టు కల వస్తే ఉలిక్కిపడి లేచేవాణ్ణి.

అలాంటి ఆఖరి నెలలో, ఆఖరి వారంలో, కొత్త ప్రయాణికుల జాబితా వచ్చింది. ఏదో విత్తనాల కంపెనీ బాగా అమ్మిన డీలర్లకు బహుమానంగా ఓడ ప్రయాణం పెట్టిందట. ఆదోని, ఆస్పరి, కృష్ణగిరి, ఎమ్మిగనూరు అంగళ్ళవాళ్ళు, భార్యలతో కలిపి ఇరవై రెండు మంది. జాబితాలో రెండో పేరు మా మామది. నాకు కన్నీళ్ళొచ్చేంత సంతోషమైంది. తొమ్మిదేమిటి, పదికి పదీ జేబులో పడ్డట్టే అనుకున్నాను.

వాళ్ళతోపాటు జొన్నరొట్టెల మూటలు, శనగకాయల చట్నీపొడి డబ్బాలు కూడా ఓడ ఎక్కాయి. మామ పై అంతస్తులో కమ్మీ పట్టుకుని సముద్రాన్ని చాలాసేపు చూశాడు. చివరికి "ఇన్ని నీళ్ళు పెట్టుకోని ఒక్క ఎకరా పారల్యా గదరా" అన్నాడు. ఆస్పరి నుంచి వచ్చిన పెద్దాయన ఆ మాటకు తలూపి, ఆ పూటంతా దిగులుగా ఉన్నాడు. నేను మాత్రం నాలుగు రోజులూ కాలు నిలవకుండా తిరిగాను. గోవాలో దిగి బొరుగులు వెతికి తెచ్చి, వంటశాల పెద్దను బతిమాలి, పక్కన నిలబడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చేయించాను. (ఆ రోజు ఒక ఫ్రెంచి దంపతులు కూడా బజ్జీ తిన్నారు. వాళ్ళ ఫారంలో ఏం రాశారో ఇక్కడ చెప్పడం బాగుండదు.) మా అత్త కనిపించిన విదేశీయులనల్లా ఆపి, నన్ను చూపించి, తెలుగులోనే మా వంశమంతా వివరించింది. వాళ్ళు నవ్వుతూ నా భుజం తట్టి వెళ్ళేవారు. ఇదంతా మామ దూరం నుంచి చూస్తూ గంభీరంగా మీసం సవరించుకునేవాడు.

దిగే రోజు పొద్దున మామ అందరినీ ఒక మూలకు చేర్చి, చిన్న సభ జరిపి, ఫారాలు నింపించాడు. మర్యాదగా ఉండదని నేను దూరంగా నిలబడ్డాను. దిగేటప్పుడు అత్త నా గడ్డం పట్టుకుని వెళ్ళొస్తామంది, మామ వీపు మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. నేను గదిలోకొచ్చి ఫారాలు తెరిచాను. భోజనానికి పది. గదికి పది. శుభ్రతకు పది. ఒక్కరూ కాలైనా తడుపుకోని ఈతకొలనుకు కూడా పది. నా గడిలో ఒకటి. రెండో ఫారంలోనూ ఒకటి. మూడోదీ, పదోదీ, ఇరవయ్యోదీ అంతే. జర్మనీ వాళ్ళలో కూడా ఇంత క్రమశిక్షణ నేను చూడలేదు. అన్నిటికన్నా కింద మామ ఫారం ఉంది. అచ్చులో సున్నా లేదు గనుక మామ తన పెన్నుతో ఒక సున్నా గీసి, సరిపోలేదనిపించి కాబోలు, దాన్ని మళ్ళీ మళ్ళీ దిద్ది నల్లగా చేశాడు.

పెద్దమేడం ఫారాలన్నీ ఒకటొకటిగా చూసి, వీళ్ళు మీ ప్రాంతం వాళ్ళేనా అని అడిగింది. అవునన్నాను. ఈ సున్నా ఎవరిదంటే మా మామదన్నాను. ఆమె ఆ ఫారాన్ని అన్నిటికన్నా పైన పెట్టింది. సెలవు మీద ఇంటికి వెళ్ళమంది, ఏ సంగతీ ఫోనులో చెప్తానంది.

ఇంటికి చేరేసరికి నా మొహం చూసి మా అమ్మ, ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుందాం, అన్నీ సర్దుకుంటాయంది. నేను సంచీ కింద పెట్టి నేరుగా అంగడికి పోయాను. దారంతా లెక్కలు కట్టుకుంటూనే పోయాను. నన్ను ఆ కుర్చీలోకి రప్పించడానికి ఇరవై రెండు మందిని కూడగట్టిన మనిషిని ఏమేమి అనాలో ఒక్కో మాటా సిద్ధం చేసుకున్నాను. తీరా ఎదురుగా నిలబడితే ఒక్కటే వచ్చింది.

"నన్ను నీ అంగట్లో కూసోబెట్టేదానికేనా మామా, సున్నా ఏసినావు?"

మామ చేతిలోని ప్యాకెట్టు బల్ల మీద పెట్టాడు. ఆయన మొహంలో నిజమైన బాధ కనిపించి నాకు భయమేసింది.

"అదేం మాటరా అల్లుడా. ఓడంతా నిన్నే సూస్తాండారు, నిన్నే మెచ్చుకుంటాండారు. ఆ దేశమోళ్ళు, ఈ దేశమోళ్ళు, అంతమంది కండ్లు ఒక్క పిల్లోని మీద పడితే ఏమైతాది సెప్పు. సేను బాగా కాసినప్పుడు మసి పూసిన కుండ పెట్టమా? అట్ల పెట్టినాము. అందరమూ మాట్లాడుకోనే పెట్టినాము. కృష్ణగిరి ఆయప్ప రెండు ఏస్తానన్న్యాడు. రెండుకు దిష్టి యాడ పోతాదని నేనే ఒకటి ఏపించినా. నువ్వు నా సొంత అల్లునివి కాబట్టి నేను సున్నా పెట్టినా."

విత్తనాలు కొనడానికొచ్చిన రైతులిద్దరు, ఇందులో అడగాల్సిందేముందన్నట్టు నావైపు చూశారు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఐదు నెలలు ప్రపంచాన్ని చదివినవాడికి సొంత మామ రాసింది చదవడం రాలేదు. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. అయినా ఉద్యోగం మీద ఆశ చావక, మార్కులు మార్చి ఒక ఉత్తరం రాసిమ్మని కాళ్ళావేళ్ళా పడ్డాను. మామ ఒప్పుకోలేదు. పంట ఇంటికి రాకముందే కుండ పీకేస్తారా ఎవరన్నా అన్నాడు.

నాలుగో రోజు పెద్దమేడం వీడియో కాలు చేసినప్పుడు నేను ఆ కుర్చీలోనే ఉన్నాను. (ఊరికే కూర్చోవడమెందుకని.) దిష్టిని ఇంగ్లీషులో ఏమనాలో తోచక పత్తిచేను, కుండ, మసి, కండ్లు, అన్నీ కలిపి ఏదో చెప్పాను. ఆమె చివరిదాకా వింది. తరువాత ఫోనుకు దగ్గరగా వంగి "థూ, థూ, థూ" అంది. నా పని అయిపోయిందనుకున్నాను. ఇలాంటి సాకు చెప్పినందుకు ఆ మాత్రం అనడం న్యాయమేననిపించి ఫోను పెట్టెయ్యబోతుంటే, వెనక నుంచి మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండు రా. ఆయమ్మకు తెలుసు. మూడుసార్లు ఊంచింది, సూడల్యా?" అని ఫోనులోని మనిషికి రెండు చేతులూ జోడించాడు.

మామ చెప్పిందే నిజం. పెద్దమేడం వాళ్ళ దీవిలో ఎవరైనా మెచ్చుకుంటే దిష్టి తగలకుండా వాళ్ళ అవ్వ ఇలాగే అనేదట, ఇప్పటికీ వాళ్ళింటి గుమ్మానికి నీలం గాజుకన్ను వేలాడుతుందట. ఆ రోజు మొదటిసారి ఆమె నవ్వడం చూశాను. ప్రపంచమంతా తెలిసినవాడివి కదా, ఈ ముక్క నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగింది. ఆ ఇరవై రెండు ఫారాలూ సగటులోంచి తీసేసి, వారం తిరక్కుండా మూడేళ్ళ ఒప్పందం పంపించింది.

ఆ కాగితం చూపిస్తే మామ అద్దాలు పెట్టుకుని చదివి, మడిచి నా చేతికిచ్చి, "సూస్తివా, సున్నా పెట్టబట్టే ఉద్యోగం నిలబడె" అన్నాడు. ఆ సున్నాయే గదా ఉద్యోగం ఊడగొట్టబోయింది అనబోయి ఆగిపోయాను. అంగట్లో ఉన్నవాళ్ళంతా అప్పటికే మామ మాటకు తలలూపుతున్నారు.

ఆ మూడేళ్ళూ, ఆపైన ఇంకో మూడేళ్ళూ ఓడల్లో తిరిగి, ఇప్పుడు ఆదోనిలో చిన్న ట్రావెల్సు ఆఫీసు పెట్టుకున్నాను. నాకు పదికి పది వేసిన దేశదేశాల వాళ్ళ మొహాలు ఒక్కటీ గుర్తులేవు. ఒకటి వేసినవాళ్ళు మాత్రం బజారులో కనిపిస్తే ఇప్పటికీ ఆపి, అన్నం తిన్న్యావా అని అడుగుతారు. ఎగాదిగా చూసి, శానా సిక్కిపోయినావప్పా అంటారు. నేను తొంభై కిలోలు దాటి చాలా కాలమైంది. అవునన్నా, కొంచెం చిక్కినాను అంటాను.