ముందు అవతలివాడి దెబ్బలు చెప్పు

ఆదివారం పొద్దున్న మా వీధి చివర చర్చిలో మొదటి గంట మోగగానే నా చెయ్యి దానంతటదే రిమోటు మీదికి పోతుంది. టీవీలో ఏమొస్తున్నా సరే, సౌండు తీసేస్తాను. "మళ్ళీ మొదలెట్టేరా? శుభ్రంగా పాట వస్తుంటే!" అని మా ఆవిడ వంటింట్లోంచి కేకేస్తుంది. గంట వెనకాలే హార్మోనియం కూడా వినిపిస్తుందేమోనని ఓ చెవి అటు పడేసి కూర్చుంటాను. వినిపించదు. ఇప్పుడక్కడ కీబోర్డు వచ్చింది. దేవదానం మాస్టారు పోయి కూడా చాలా ఏళ్ళయింది.

మాస్టారు మలికిపురంలో మా పక్కింటివారు. హైస్కూల్లో సోషల్ చెప్పేవారు, చర్చిలో హార్మోనియం వాయించేవారు. ఇస్త్రీ నలగని చొక్కా, ఎవరినీ నొప్పించని మాట. అలాంటి మనిషికి బాక్సింగంటే ప్రాణమని చెబితే ఎవరూ నమ్మేవారు కాదు. తొంభైలలో మా ఊరికి కేబుల్ వచ్చాక, అమెరికాలో శనివారం రాత్రి జరిగే పోటీలు మాకు ఆదివారం పొద్దున్న వచ్చేవి. అంటే, సరిగ్గా ఆరాధన వేళకి! వీధి కుర్రాళ్ళమంతా మాస్టారింట్లోనే చేరి చూసేవాళ్ళం. పన్నెండు రౌండ్ల పోటీ సగం దాటి రక్తి కట్టేసరికి గంట మోగేది. ఆయన లేచి చొక్కా సర్దుకుని, "మిగతాది మీరు చూసి చెప్పండ్రా" అని ఇల్లు మాకొదిలేసి, భార్య సువార్తమ్మగారితో వెళ్ళిపోయేవారు. సాయంత్రం మళ్ళీ వేస్తారు కదండీ అంటే, "చల్లారిన ఉప్మా ఎవడు తింటాడ్రా" అనేవారు. అలా ఏ పెద్ద పోటీకీ ఆయన ఆఖరు రౌండు చూసి ఎరగరు.

బాక్సింగ్ తెలియనివారికి ఓ మాట చెప్పాలి. ఎవరూ పడిపోకుండా పోటీ చివరిదాకా సాగితే, గెలుపు లెక్క మీద తేలుతుంది. ప్రతి రౌండునీ విడిగా చూసి, గెలిచినవాడికి పది, ఓడినవాడికి తొమ్మిది వేస్తారు. వేసేది ముగ్గురు జడ్జీలు. పోటీ హోరాహోరీగా ఉంటే ముగ్గురికీ మూడు లెక్కలొస్తాయి. మా తగువులన్నీ అక్కడే పుట్టేవి. అందుకే మాస్టారు సౌండు పెట్టనిచ్చేవారు కాదు. కామెంటరీవాడు ఎవడికి కేకలేస్తే మన మార్కులు వాడికే పడిపోతాయని ఆయన భయం. చర్చి నుంచి రాగానే పడకకుర్చీలో కూర్చుని, ఎవరు గెలిచారో చెప్పొద్దనేవారు. చూడని రౌండ్లన్నీ మా చేత ఒక్కొక్కటిగా చెప్పించుకుని తన లెక్క తాను వేసుకునేవారు. నేను ఉత్సాహంగా నా మనిషి గొప్పలు ఎత్తుకున్నానో, అయిపోయానే! "నీవాడి సంగతి తరవాత. ముందు అవతలివాడి దెబ్బలు చెప్పు" అనేవారు.

మాలో గట్టి వాదనలు నాకూ వీర్రాజుకీ. వీర్రాజు నాతో చదువుకున్నవాడు, కొబ్బరి వ్యాపారం చేసేవాడు. మాటలో గానీ పనిలో గానీ ముందుకు దూకడమే వాడికి తెలుసు. ఎన్ని తిన్నా మీద మీదకి పోయే ఒక బాక్సరంటే వాడికి పిచ్చి. ఆ బాక్సర్ని మేం 'దున్న' అనేవాళ్ళం. నాకేమో ఎడమచేతివాటం మనిషొకడు ఇష్టం. అందకుండా జారిపోయి, అవతలివాడు గాలిని కొట్టి అలిసిపోయాక ఒక్కటిచ్చేవాడు. ఒక ఆదివారం ఆ ఇద్దరికీ పడింది. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు నా మనిషి వైపు, ఒకరు దున్న వైపు. గెలుపు నా మనిషిదే. వీర్రాజు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. మాస్టారు చర్చి నుంచి వచ్చి కూర్చుని, "ఏం వీర్రాజూ, తొమ్మిదో రౌండు చెప్పు" అన్నారు.

"చెప్పేదేముందండీ? పారిపోయినోడికి గెలుపిచ్చేరు! ట్రైనింగులోంచి పారిపోయొచ్చినోడికి అలాంటోడే హీరో" అన్నాడు, నా వంక చూస్తూ.

ఆ ముందు ఏడాదే నేను కానిస్టేబుల్ ట్రైనింగు సగంలో మానేసి వచ్చేశాను. ఎందుకని ఊరంతా అడిగింది. నాకే సరిగా తెలియనిది ఎవరికని చెప్పను? అందరూ నవ్వుతుంటే ఒళ్ళంతా మంటెత్తింది. "ఆ మాట వెనక్కి తీసుకోరా" అని మాస్టారు అన్నారు. వాడు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మాస్టారు నాకేసి తిరిగి, "ఎందుకొచ్చేసేవో నేనడగను. నువ్వు మాత్రం ఆదివారం మానకు" అన్నారు. మానేశాను. వీర్రాజు ఎదురైతే రోడ్డు దాటేసేవాణ్ణి. నాకున్న ఒక్క స్నేహితుడూ వాడే. పైకి బింకంగా తిరిగేవాణ్ణి గానీ, లోపల ఏడుపుగానే ఉండేది.

అలా కొన్నేళ్ళు గడిచాయి. షుగరు మాస్టారి కళ్ళ మీద పడి చూపు పూర్తిగా పోయింది. హార్మోనియం మాత్రం వేళ్ళకి తెలుసు కనుక చర్చి మానలేదు. ఒకరోజు సువార్తమ్మగారు మా గుమ్మంలోకి వచ్చి, "ఎల్లుండి ఆ ఇద్దరికీ మళ్ళీ పోటీ అంట కదా. మీ మాస్టారు నిన్ను రమ్మన్నారు బాబూ" అన్నారు. వెళ్ళి చూద్దును కదా, వీర్రాజు అప్పటికే అక్కడున్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"కూర్చోండ్రా ఇద్దరూ! రాంబాబూ, నువ్వు దున్న ఏం చేస్తున్నాడో చెప్పు. ఎడంచేతివాడి సంగతి వీర్రాజు చెబుతాడు" అన్నారు మాస్టారు.

మొదట్లో వీర్రాజు ముక్కు మీద కోపంతోనే చెప్పాడు. "తప్పుకున్నాడండి" అంటే, "ఎలా?" అని మాస్టారు. "పక్కకండి" అంటే, "ఏ పక్కకి?" అని మాస్టారు. చెప్పాలంటే వాడు చూడక తప్పలేదు. రౌండ్లు గడిచేకొద్దీ వాడి గొంతు మారింది, ముందుకు జరిగి కూర్చున్నాడు.

"ఆయ్, మాస్టారూ! వెనక్కి కాదండీ, మూలకి దొరికిపోతాడనుకుంటే పక్కకొచ్చేసేడండి! వస్తా వస్తా ఒకటిచ్చేడండి!" అని ఆగి, టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "అది పారిపోడం కాదండి. నేనప్పుడు కూయకూడని కూత కూసేనండి" అన్నాడు.

"రాంబాబూ, దున్న ఏం చేసేడు?" అని అడిగారు మాస్టారు.

"చూళ్ళేదండి" అన్నాను. నిజంగానే చూడలేదు. కళ్ళనిండా నీళ్ళు.

ఇంతలో గంట మోగింది. మాస్టారు చెయ్యి చాపారు. సువార్తమ్మగారు పట్టుకునేలోపే ఒక రెక్క నేనూ, ఒక రెక్క వీర్రాజూ పట్టుకున్నాం. "ఇంకా రౌండ్లున్నాయి కదరా, కూర్చుని చూడండి" అన్నారాయన. మేం కూర్చోలేదు. ఆరాధన అయ్యేదాకా చర్చి మెట్ల మీద పక్కపక్కనే కూర్చుని ఆయన హార్మోనియం విన్నాం. తిరిగి ఇంటికొచ్చాక అలవాటుగా, "మిగతాది చెప్పండ్రా" అన్నారు. మేం మొహమొహాలు చూసుకుని, చూడలేదన్నాం. ఆయన పడకకుర్చీ కదిలిపోయేలా నవ్వారు.

ఇప్పుడు మా ఇంట్లో ఆడపిల్లలిద్దరూ జుట్లు పట్టుకుని నా దగ్గరికొస్తే, అక్క చేత చెల్లి బాధ, చెల్లి చేత అక్క బాధ చెప్పిస్తాను. "ఇదేం న్యాయం నాన్నా" అని విసుక్కుంటారు. చెప్పడం పూర్తయ్యేసరికి సగం కోపం మిగలదు. నా కోపం మీద కూడా అదే ప్రయోగిస్తుంటాను, అన్నిసార్లూ పారదు.

మొన్న ఆదివారం గంట మోగాక వీర్రాజు ఫోను చేశాడు.

"ఒరేయ్, ఆ రోజు ఎవరు గెలిచేరో ఎప్పుడన్నా చూసేవా? ఫోన్లో కొడితే వచ్చేస్తదంట."

"లేదు. నువ్వు?"

"లేదురా" అన్నాడు. "చూసి ఎవరికి చెప్తాం?"