లాభంతో మొదలైన మాటలు

మా పెద్దమ్మాయి మైసూరులో చదువుతోంది. ఆ చదువు పేరు చెబితే తిరుపతిలో మా వీధివారికి ఒక పట్టాన అర్థం కాదు. మాట రాని పిల్లలకు, నత్తివారికి, వచ్చిన మాట పోగొట్టుకున్న పెద్దలకు మాట్లాడటం నేర్పే శాస్త్రంలో అది బి.ఎస్సీ. పట్టా. మన దేశంలో ఆ చదువు మొదలై ఎన్నో ఏళ్ళు కాలేదు. "మాట్లాడేది నేర్పేదానికి కాలేజీ ఎందుకప్పా? మా ఇంటామెను పంపిస్తా, ఊరికే నేర్పిస్తాది" అని పక్కింటాయన ఎకసెక్కమాడాడు. మొన్న సెలవులకు వచ్చిన అమ్మాయి లావుపాటి పుస్తకమొకటి నా ముందు తెరిచి, మెదడు బొమ్మలో ఎడమవైపున, చెవికి కొంచెం ముందుగా, బొటనవేలితో మూయగలిగినంత చోటు చూపించింది. "నాయనా, మాట బయలుదేరేది ఈడి నుంచే" అంది. ఇంత లోకాన్ని నడిపే మాట అంత చిన్న చోటు నుంచి బయలుదేరుతుందా అని నా బొటనవేలు దాని మీద పెట్టి చూసుకున్నాను. తర్వాత ఆమె తన పని చెప్పింది. మాట పోయిన మనిషి చరిత్ర ఒకటి, ఎరిగినవారిని అడిగి, క్రమంగా రాసుకుని రమ్మన్నారట. ఆమె ఎంచుకున్నది మా పెదనాయనను. "పెద్దతాతది కుడిచేతి వాటమా? ఇంట్లో ఏ భాష? మండీలో ఏ భాష?" అని పెన్సిలు పట్టుకుని కూర్చుంది. ముప్పై ఏళ్ళుగా దినచర్య రాస్తున్నవాణ్ణి, అతిశయోక్తి అంటే గిట్టనివాణ్ణి. అయినా ఆమెకు చెబుతున్నప్పుడు, నేను కళ్ళారా చూసినదే నాకు నమ్మశక్యం కాకుండా తోచింది.

వెయ్యిన్ని తొమ్మిది వందల నలభై నాలుగులో నేను చిత్తూరులో గుమాస్తాను. పెదనాయన ఇంట్లోనే నా మకాం. ఆయనకు బెల్లం మండీలో పొత్తు వ్యాపారం ఉండేది. వేలం పాడేది కూడా ఆయనే. పల్లెల నుంచి బండ్లు తోలుకువచ్చిన రైతులతో తెలుగు, వేలూరు వైపు నుంచి వచ్చిన వర్తకులతో అరవం, ఇద్దరినీ ఒకేసారి తిట్టవలసి వచ్చినప్పుడు రెండూ కలిపి. ఇంటికి వస్తే పెద్దమ్మతో సంభాషణ. దాన్ని సంభాషణ అనవచ్చునో లేదో నాకు ఈనాటికీ సందేహమే. పొద్దున చారులో ఉప్పు దగ్గర మొదలైన వాదం రాత్రి పడకల దాకా, మధ్యలో ఆయన మండీకి పోయి వచ్చినా తెగకుండా, ఆపిన చోటి నుంచే సాగేది. వారికి పిల్లలు లేరు. ఆ ఇంటి సందడంతా ఆ ఇద్దరి మాటలదే.

ఆ కార్తీకంలో ఒక పొద్దున, బావి దగ్గర పళ్ళు తోముకుంటున్న పెదనాయన చేతిలోంచి వేపపుల్ల జారింది. వంగి తీయబోతే కుడిచేయి వంగలేదు. మూతి ఒక పక్కకు ఒరిగింది. ఏమయిందని అడిగితే "త... తతా" అన్నాడు. ఏది అడిగినా అదే. కావాలన్నా తతా, వద్దన్నా తతా. స్వరం మాత్రం ఆయనదే. కోపం, విసుగు, బతిమాలటం అన్నీ ఆ ఒక్క అక్షరంలోనే ఎక్కి దిగేవి.

మూతి ఒరిగింది కాబట్టి దవడ ఎముక తప్పిందని ఇంటివాళ్ళు తీర్మానించారు. మా వైపు ఎముక అంటే పుత్తూరే. బండి కట్టి తీసుకుపోయాం. కట్టు కట్టే పెద్దాయన దవడను అటూ ఇటూ నొక్కి చూసి, "ఎముక రాయి మాదిరి ఉండాదప్పా. కట్టు గట్టితే తినే రెండు ముద్దలూ తినలేడు, తీసకపోండి" అన్నాడు. తర్వాత పెద్దమ్మ తల్లి శ్రీకాళహస్తి నుంచి వస కొమ్ముతో దిగింది. పసిబిడ్డలకు మాటలు రావాలని తేనెలో అరగదీసి నాలుకకు రాసే వసను, మీసాలు నెరిసిన అల్లుడికి ఆవిడ శ్రద్ధగా రాసింది. ఆ ఘాటుకు ఆయన ఉమ్మి, అత్తగారి మొహం చూసి, ఎంతో వివరంగా తతా తతా అన్నాడు. ఆ వాక్యానికి అర్థం అందరికీ తెలిసింది. చివరకు ఆసుపత్రి డాక్టరు చూసి, మెదడులో నెత్తురు ప్రసరణ ఆగటం వల్ల వచ్చిన పక్షవాతమని, తెలివి ఉందో లేదో ఇప్పుడే చెప్పలేమని, మాట తిరిగి వస్తే వస్తుందని చెప్పాడు. మా అమ్మాయి ఇది రాసుకుంటూ, ఆ కాలానికి ఆయన చెప్పినది సబబే అంది.

తెలివి సంగతిలో ఊరు డాక్టరంత ఓపిక పట్టలేదు. బుద్ధి పోయిందని నిర్ణయించేసింది. చూడవచ్చిన బంధువులు ఆయన ఎదుటే ఆయన గురించి, అక్కడ లేని మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడేవారు. పెద్దమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు. "మీ పెదనాయన లోపలే ఉండాడు నాయనా. నాకు తెలుస్తా ఉండాది" అనేది. తెల్లవారితే ఆయన పక్కన కూర్చుని ఎప్పటిలాగే మాట్లాడేది. తన వంతు చెప్పి, ఆయన వంతుకు ఆగి, తతా వినగానే దానికి జవాబు చెప్పేది. ఆమెకూ మతి చలిస్తోందని నాకు భయం వేసింది. ఆ ఇంట్లో ఆ రోజుల్లో తేలవలసింది ఒక్కటే: ఆమె మాట్లాడుతున్నది మనిషితోనా, మనిషి విడిచిపోయిన దేహంతోనా?

సంక్రాంతి దాటాక పొత్తు వ్యాపారి వచ్చాడు. పొత్తు విడదీసుకుందామని ఆయన ఉద్దేశం. తెలివి లేని మనిషితో వ్యాపారం ఎట్లాగని నసిగాడు. పెద్దమ్మ లోపలికి పోయి తుండుగుడ్డ తెచ్చి ఆ వ్యాపారి ఒళ్ళో పడేసింది.

"నాతో ఎందుకన్నా? ఆయన్నే అడుగు, మీ పద్ధతిలో."

మండీలో ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీదా తుండు కప్పి, దాని కింద ఎదుటివాడి వేళ్ళు పట్టి తెలుపుతారు, పక్కవాడికి తెలియదు. వ్యాపారి మొహమాటపడుతూ, పెదనాయన ఎడమచేతి మీద తుండు కప్పి, పసిపిల్లవాడితో ఆడినట్టు ఏదో ధర పట్టాడు. పెదనాయన కళ్ళు చిన్నవయ్యాయి. తుండు కింద కదలిక కనబడింది. వ్యాపారి మళ్ళీ పట్టాడు. మళ్ళీ కదలిక. మూడోసారికి వ్యాపారి చేయి లాక్కుని లేచి నిలబడ్డాడు.

"అబ్బా, ఈ మనిషికి ఏం పోలేదమ్మా! నా కొంప గూల్చే ధరే పట్టినాడు, ఎప్పటి మాదిరే!"

పొత్తు విడిపోలేదు. లోపల మనిషి ఉన్నాడని ఊరు ఒప్పుకుంది. కానీ పెద్దమ్మకు ఆ గెలుపు చాలలేదు. "వేళ్ళు మండీవాళ్ళకు. నాకు నోరు గావల్ల" అంది.

మా వైపు పడి అనే కొలపాత్రతో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి పడిని ఒకటి అనరు. లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని సాగుతుంది. యుద్ధకాలం, దొరికిన కాసిని బియ్యాన్ని పెద్దమ్మ పంచలో పెదనాయన ఎదుటే కొలిచి కుండకెత్తేది. ఒకరోజు ఆమె "లాభం" అని పడి వంచి, దగ్గు వచ్చి ఆగింది. మంచం మీద నుంచి "రెండు" అని వినబడింది. ఆమె తలెత్తకుండా పడి నింపింది. "మూడు." పడి వెంట పడి, బియ్యం అయిపోయే దాకా ఆయనే లెక్కపెట్టాడు. ఆనందంతో ఆమె "ఇంకో మాట చెప్పు" అంది. "తతా" అన్నాడు. మాటల వరస ఎవరైనా మొదలుపెడితే దొర్లుకుంటూ వచ్చేది. తనకై తాను ఒక్క మాట ఏరుకుని పలకబోతే దొరికేది కాదు. ఆనాడు అది మాకు పెద్ద చిక్కుముడి. ఇప్పుడు మా అమ్మాయి, అలవాటుగా వచ్చే మాటకూ సంకల్పంతో వచ్చే మాటకూ మెదడులో తేడా ఉందని, తన పుస్తకంలో దానికి ఒక అధ్యాయమే ఉందని చెప్పింది. ఎక్కడో ఎవరో, మా పంచలో జరిగినదాన్నే మరొకరిలో చూసి, అధ్యాయంగా రాసి పెట్టారు!

ఆ వైశాఖంలో నా పెళ్ళయింది. జ్యేష్ఠంలో నా భార్య కాపురానికి వచ్చింది. మద్రాసులో రైల్వే క్వార్టర్సులో పెరిగిన మనిషి, మా పడి ఆచారాలు ఎరగదు. వచ్చిన వారంలోనే పెద్దమ్మ ఆమెకు బియ్యం కొలిచే పని అప్పజెప్పి పొయ్యి దగ్గరికి పోయింది. నేను అక్కడే కూర్చుని పత్రిక చదువుకుంటున్నాను. నా భార్య పడి నింపి, శుభ్రంగా "ఒకటి" అంది.

"లాభం!"

ఆ కేక మండీలో వినబడే కేక. నా భార్య చేతిలోని పడి కింద పడింది. పెదనాయన మంచం మీద సగం లేచి, ఎడమచేయి చాచి, చెమటలు కక్కుతూ, ఒక్కొక్క అక్షరాన్నీ ఎక్కడి నుంచో మోసుకొస్తున్నట్టు, "లాభం... అనల్ల" అన్నాడు.

మా అమ్మాయి పెన్సిలు ఆగింది. "ఆ మాట ముందు ఎవరైనా అందించినారా నాయనా?" అని అడిగింది. లేదు. ఎవరూ అందించలేదు. తప్పును విని, అది తప్పని ఎరిగి, ఒప్పును వెతికి తెచ్చి, దానికి అనాలనే ఇంకో మాట కూడా జోడించాడు. ఏడు నెలల తర్వాత అది ఆయన సొంత వాక్యం. ఏనాడైనా గర్భగుడి ముందు నిలబడి నేను అంత నిశ్చేష్టుణ్ణయి ఉంటే, నా దినచర్యలో అది ఎక్కలేదు.

పెద్దమ్మ పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తుకు వచ్చింది. ఏడవలేదు. బిక్కచచ్చి నిలబడిన నా భార్య గడ్డం పట్టుకుని, "ఇంగో తూరి తప్పు చెప్పు తల్లీ, నీ పుణ్యముంటాది" అని బతిమాలింది. ఆనాటి నుంచి మా ఇంట్లో వింత వ్యవహారం నడిచింది. కాకిని కోడి అనేవాళ్ళం, శనివారాన్ని బుధవారం అనేవాళ్ళం, మజ్జిగ ఇచ్చి కాఫీ తాగమనేవాళ్ళం. పెదనాయన కోపంతో ఊగిపోతూ ఒక్కొక్కటే దిద్దేవాడు. దిద్దిన మాట ఆయనది అయ్యేది. అన్నీ రాలేదు, వేలం మళ్ళీ పాడలేదు. అయినా ఆశ్వయుజం నాటికి చారులో ఉప్పు దగ్గర వాదం మొదలై, సాయంకాలం దాకా తెగకుండా సాగినట్టు నా రాతలో ఉంది.

ఆ నెలలన్నీ ఎలా ఓర్చుకున్నావని పెద్దమ్మను ఒకసారి అడిగాను. ఆమెకు నా ప్రశ్న అర్థం కాలేదు. "ఓర్చేదేముంది నాయనా? మాట్లాడతా మాట్లాడతా రవ్వంతసేపు నిలిపినాడు, అంతే గదా" అంది. కార్తీకం నుంచి జ్యేష్ఠం దాకా గడిచిన కాలం ఆమె లెక్కలో రవ్వంతసేపు; ఇన్నేళ్ళుగా తేదీలు వేసుకుంటూ వస్తున్నా, ఆ లెక్క తప్పని చూపగల కాలమానం నాకు ఇంతవరకూ దొరకలేదు.