వాసన లేని ఆకు

“అక్కా, మొన్న నువ్వు తెచ్చిన కట్టలో సగం మాచిపత్రి కాదు, వయ్యారిభామ కలుపు. ఎవురికీ తాపొద్దు.”

ఫోనులోంచి గట్టిగా వచ్చిన ఆ మాటకు నా పక్క సీటులోని పెద్దామె ఒళ్లోని ఆకుల మూట వైపు చూసింది. తిరుపతి నుంచి ఏర్పేడు వెళ్లే బస్సులో ఉన్నాం. ఆమె చంద్రగిరి దగ్గర పల్లెలో ఆకుమందు ఇస్తుంది. తన మందు మీద చదువుకునే పిల్లోడు పరిశోధన చేస్తున్నాడని, అతనికే ఇంకో కట్ట తీసుకుపోతున్నానని అంతకుముందే సంబరంగా చెప్పింది. ఫోనులో ఉన్నది అతనే.

“పొద్దన్నే మనవరాలికి కసాయం పోసినా నాయనా. ఏమైతాది?”

“మనుషులకు ఎంతైతే ముప్పో ఇంకా తేల్లేదక్కా. ఎలకల మీద సూస్తా ఉండాం. పాపను ముందు ఆస్పత్రికి తీసకపోమను.”

కోడలికి మూడుసార్లు ఫోను చేసింది. ఎత్తలేదు. అప్పుడు మూట విప్పి ఒక్కో రెమ్మ నలిపి నా ముక్కు దగ్గర పెట్టింది.

“మా నాయన సూపిచ్చిన గట్టు మీదే కోసినానబ్బా. ఆయప్ప ఉన్నప్పుడు ఈ కలుపు ఆడ లేదు. కరోనా వచ్చినప్పటి నించీ నాకు వాసన తెలీదు. మాచిపత్రైతే ఘాటుగా ఉంటాది, నువ్వు సూడు.”

మొదటి రెమ్మ ఘాటుగా ఉంది. రెండోదానికి పచ్చిగడ్డి వాసన తప్ప ఏమీ లేదు. పూత రాని ఆ రెండూ చూడటానికి ఒక్కలాగే ఉన్నాయి.

రేణిగుంటలో దిగి, వెనక్కి వెళ్లే బస్సు కోసం రోడ్డు దాటింది. మూట నా పక్కనే ఉండిపోయింది. పొద్దున పొయ్యి మీద మరిగినవి ఏ ఆకులో ఆమెకూ తెలియదు.