అలెగ్జాండ్రియాలో సయ్యద్ వాళ్ళమ్మ

నరసరావుపేటలో పల్నాడు రోడ్డు మీద డీజిల్ ఇంజన్లు బాగుచేసే బాజీకి రెండు పేర్లు. ఇంజన్ ఆగిపోయినప్పుడు మెకానిక్ బాజీ. ఇంజన్ నడుస్తూ జనానికి తీరిక దొరికినప్పుడు అలెగ్జాండ్రియా బాజీ. ఈ రెండో పేరు అతను సంపాదించుకున్నది కాదు, కాజేసింది. ఆ సంగతి పంతొమ్మిది వందల ఎనభై ఆరు దాకా అతనికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఎనభై ఒకటిలో ఇరాక్ వెళ్ళి రెండేళ్ళు ఒక రోడ్ల కంపెనీలో బుల్‌డోజర్లకు గ్రీజు పెట్టాడు. ఎడారిలో ముళ్ళకంచె, కంచె లోపల రేకుల షెడ్లు, కంచె బయట ఇసుక. యుద్ధం రోజులు కాబట్టి క్యాంపు దాటి అడుగు బయట పెట్టనివ్వలేదు. పక్క మంచం మీద సయ్యద్ అనే ముసలి వెల్డర్ ఉండేవాడు. ఈజిప్టువాడు, సొంత ఊరు అలెగ్జాండ్రియా. పని దిగగానే వచ్చీరాని హిందీలో చేతులు తిప్పుతూ తన ఊరి గురించి మొదలుపెట్టేవాడు. సముద్రాన్ని ఆనుకుని మైళ్ళకొద్దీ రోడ్డు, రెండంతస్తుల ట్రాములు, ఎండ చల్లబడితే గట్టు మీద బారులు తీరి కూర్చునే జనం, చేపల బజారు, దాని వెనక సందులో తమ ఇల్లు, ఆ ఇంట్లో శుక్రవారం శుక్రవారం వాళ్ళమ్మ వండిన చేపల అన్నం. ఆ తల్లి అతని పదో ఏటే పోయింది. బాజీ ఆ ఊరిని చెవులతో విన్నాడే గాని కళ్ళతో చూసింది లేదు.

తిరిగొచ్చిన రోజు ఇంటి ముందు ముప్పై మంది పోగయ్యారు. "ఏంది బాజీ, ఏమేం చూశావు అక్కడ?" అని ఒకటే పోరు. ఇసుక చూశానని చెప్పడానికి నోరు రాలేదు. విమానం ఎక్కి రెండేళ్ళు ఉండి వచ్చినవాడు ఇసుక చూశానంటే నవ్వరూ! కంపెనీ నన్ను ఎనిమిది నెలలు అలెగ్జాండ్రియా పంపిందన్నాడు. అంతే, సయ్యద్ ఊరు మొత్తం బాజీ నోట్లోంచి ధారగా వచ్చేసింది. తల్లి సైదాబీ మాత్రం ట్రాముల సంగతి పట్టించుకోలేదు. కొడుకు గూడ ఎముకలు తడిమి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ నీళ్ళు చూడలేక అతను ఇంకో మాట అన్నాడు. "సయ్యద్ వాళ్ళమ్మ ప్రతి శుక్రవారం ఇంటికి పిలిచి అన్నం పెట్టేదమ్మా. నీలాగే కొసరి కొసరి పెట్టేది."

అది మొదలు సైదాబీ నమాజు చేసినప్పుడల్లా ఆ తల్లి కోసం దువా చేసేది. ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన మనిషికి ఆరోగ్యం ఇవ్వమని తల్లి అడుగుతుంటే బాజీ లేచి షెడ్డుకు వెళ్ళిపోయేవాడు. మూడేళ్ళు అలాగే గడిపాడు. సిగ్గుకు కూడా మనిషి అలవాటు పడతాడు, రోజూ కొంచెం కొంచెంగా తగిలితే.

ఎనభై ఆరులో జిన్నింగ్ మిల్లు పుల్లారావు గారికి ఈజిప్టు ప్రయాణం పడింది. పత్తి వ్యాపారులు పదిమంది కలిసి అక్కడి పత్తి చూడటానికి వెళ్తున్నారు. పని అయ్యాక అలెగ్జాండ్రియాలో మూడు రోజులు ఖాళీ. ఆయన భార్య మహాలక్ష్మమ్మ పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి నోరు తెరిచి నేనూ వస్తానంది. పుల్లారావు గారికి కాదనడానికి కారణం వెంటనే తోచలేదు. అలా ఆమె ప్రయాణం ఖాయమైంది. ఆ ఊరు తెలిసినవాడు నరసరావుపేట మొత్తానికి బాజీ ఒక్కడే కదా!

మూడు సాయంత్రాలు ఆమె రిక్షాలో షెడ్డుకు వచ్చింది. తిరగేసిన ఆయిల్ డబ్బా మీద చీర కుచ్చెళ్ళు సర్దుకుని కూర్చుని, నోటుపుస్తకం తెరిచి, బాజీ చెప్పింది చెప్పినట్టు రాసుకుంది.

"మొదటి రోజు పొద్దున్నే ట్రాము ఎక్కండమ్మగారూ. పై అంతస్తులో ముందు సీటు పట్టుకోండి. అక్కడ కూర్చుంటే ఊరంతా కనపడుద్ది."

"తిండో? చేపలు తప్ప ఇంకేమీ దొరకదేమో?"

"చిక్కుడు గింజల్లాంటివి మెత్తగా ఉడకబెట్టి రొట్టెల్లోకి పెడతారు. చానా బాగుంటయ్."

"సముద్రంలో కాళ్ళు పెట్టనిస్తారా అబ్బాయ్?"

బాజీ ఆగిపోయాడు. ఆ సంగతి సయ్యద్ ఎప్పుడూ చెప్పలేదు. "ఎందుకు పెట్టనియ్యరమ్మా?" అన్నాడు.

"నేనసలు సముద్రమే చూడలేదయ్యా. బాపట్ల ఎంత దూరమని? అయినా ఎవరు తీసుకెళ్ళారు? అందుకే మూడో రోజు ఇంక ఏ పనీ పెట్టుకోను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సముద్రమే." పుస్తకంలో మూడో రోజు కింద సముద్రం అని రాసి, దాని చుట్టూ గీత గీసింది. బాజీకి ఆ గీత చూస్తే ఎందుకో భయం వేసింది.

నాలుగో రోజు మహాలక్ష్మమ్మ మళ్ళీ వచ్చి కూర్చున్నప్పుడు సైదాబీ కూడా షెడ్డుకు వచ్చింది, చంకలో కొత్త బొంతతో. వాళ్ళది దూదేకుల ఇల్లు. దూది ఏకడం, బొంత కుట్టడం ఆమెకు పుట్టుకతో వచ్చిన పని. ఆమె పుట్టింట్లో ఒక పద్ధతి ఉంది. మన బిడ్డకు పరాయి ఊళ్ళో అన్నం పెట్టిన ఆడమనిషికి మన చేత్తో కుట్టిన బొంత కప్పాలి. అది కప్పేదాకా ఆ అన్నం మన మీద ఉన్నట్టే. మోకాళ్ళ నొప్పులతో ఇరవై రోజులు కూర్చుని కుట్టింది. "లక్ష్మమ్మా, దీన్ని ఆ తల్లికి ఇయ్యాల. బాజీ వాళ్ళమ్మ ఇచ్చిందని చెప్పు" అంది.

బాజీ కంగారుగా అడ్డం పడ్డాడు. "వాళ్ళు ఇల్లు మారారేమోనమ్మా. అంత పెద్ద ఊళ్ళో ఎక్కడని వెతుకుతారు?"

మహాలక్ష్మమ్మ నవ్వింది. "చేపల బజారు వెనక సయ్యద్ వాళ్ళమ్మ అంటే ఎవరైనా చూపిస్తారులే. కారంపూడి బస్టాండులో దిగి ఫలానావాళ్ళమ్మ ఇల్లు ఏదంటే చేయి పట్టుకుని తీసుకుపోరా ఏంది? ఊరు ఏదైనా ఊరేగా!"

అప్పుడైనా చెప్పాల్సింది. అక్కడున్నది ఇద్దరే, ఇద్దరూ ఆడవాళ్ళు, ఇద్దరూ అతన్ని నమ్మినవాళ్ళు. చెప్పలేదు. నట్లు బిగించే నెపంతో ఇంజను వెనక్కి నక్కాడు పిరికివాడు.

ఇరవై రోజులకు మహాలక్ష్మమ్మ తిరిగొచ్చింది. నేరుగా షెడ్డుకే వచ్చింది. చేతిలో సంచి, సంచిలో బొంత. ఆయిల్ డబ్బా మీద కూర్చుని తల వంచుకుంది. తప్పు చేసి పంతులు ముందు నిలబడ్డ పిల్లలా ఉంది ఆమె ముఖం.

"నన్ను క్షమించు బాజీ. ఇయ్యలేకపోయాను."

మొదటి రోజు ట్రాము ఎక్కకుండానే చేపల బజారుకు వెళ్ళారట, ముందు ఈ పని అయిపోతే మనసు తేలిక పడుతుందని. సయ్యద్ వాళ్ళమ్మ అంటే ఒకావిడ వచ్చింది. ఆమె కాదు. ఇంకో సందులో ఇంకో సయ్యద్ వాళ్ళమ్మ. మన పేటలో సుభానీలు ఎంతమందో అక్కడ సయ్యద్‌లు అంతమంది. రెండో రోజూ అంతే. ఒకావిడ కూర్చోబెట్టి టీ ఇచ్చింది, ఒకావిడ కొడుకు యుద్ధానికి పోయి రాలేదని ఏడ్చింది. మూడో రోజుకు పుల్లారావు గారు కాళ్ళు వాచి గదిలో పడుకుంటే, ఈమె హోటలు గుమస్తా భార్యను వెంటబెట్టుకుని మళ్ళీ బయల్దేరింది. మూడు రోజుల్లో మొత్తం పదకొండు మందిని చూసింది. భాష రాదు. బొంత చూపించి, గుండె మీద చెయ్యి పెట్టి, బాజీ బాజీ అని అడిగిందట.

"మూడో రోజు కూడానా అమ్మగారూ?" అన్నాడు బాజీ.

"సముద్రందేముంది, టాక్సీలోంచి కనపడిందిలే" అందామె. "నా బాధ అది కాదు. సైదాబీకి మొహం ఎట్టా చూపించాలా అని. నేను పుట్టి బుద్ధెరిగి అబద్ధం ఆడి ఎరగను. కానీ ఇచ్చానని చెబుదామా? ముసలిది తృప్తి పడుద్ది. నువ్వు సరేనంటేనే."

ఒక్క తల ఊపుతో అన్నీ గట్టెక్కుతాయి. బాజీ తల ఊపాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ అతన్ని అన్నిటికన్నా ఎక్కువ కాల్చింది మొదట ఆడిన అబద్ధం కాదు, ఆ తల ఊపు.

బొంతను షెడ్డులోనే వదిలి ఇద్దరూ ఇంటికి వెళ్ళారు. సైదాబీ చాప పరిచింది. "ఇచ్చావా లక్ష్మమ్మా?" అంది ఆత్రంగా.

"ఇచ్చాను."

"ఎట్టా ఉంది? నడవగలుగుతుందా? బొంత కప్పుకుందా? నా కొడుకును అడిగిందా?"

మహాలక్ష్మమ్మ నోరు తెరిచింది. మెడ దాకా ఎర్రబడిపోయింది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ "బాగానే... కప్పుకుంది... అడిగింది" అంటూనే, అబద్ధం ఆడటం చేతగాక, భోరుమని ఏడ్చేసింది. పాపం చేసినవాడు గుమ్మంలో నిక్షేపంగా నిలబడ్డాడు. అతని సిగ్గు ఆమె ముఖం మీద మండుతోంది.

ఆ ఏడుపు బాజీ చూడలేకపోయాడు. గడప మీద కూలబడి చెప్పేశాడు. కంచె చెప్పాడు, ఇసుక చెప్పాడు, సయ్యద్ చెప్పిన కథలు చెప్పాడు. అలెగ్జాండ్రియాలో తను ఎన్నడూ అడుగు పెట్టలేదని, ఆ తల్లి ఎప్పుడో చనిపోయిందని చెప్పాడు.

మహాలక్ష్మమ్మ ఏడుపు ఠక్కున ఆగింది. "నేను పదకొండు గుమ్మాలు ఎక్కానయ్యా" అంది మెల్లగా. "పదకొండు గుమ్మాలు." తిట్టి ఉంటే బాగుండేదనుకున్నాడు బాజీ. ఆమె తిట్టలేదు. సైదాబీ ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది, కొడుకు బదులు.

తర్వాత ముసలామె కొడుకు వైపు తిరిగింది. చెంప పగలగొడుతుందనుకున్నాడు. కొట్టమనే ముఖం వంచాడు. ఆమె చెయ్యి మళ్ళీ అతని గూడ మీదికే వెళ్ళింది.

"అయితే మరి," అంది, "ఆ రెండేళ్ళు నీకు అన్నం ఎవరు పెట్టార్రా?"