మోటరుకు గంజి

మా సిద్ధరాములు అన్న గురించి చెప్పుమంటె చెప్త. గని నడుమల ఎవ్వరు గూడ "పోనీ అంజమ్మా, పెద్దోడు గదా" అనొద్దు. పెద్దోడే. మా పెదనాయిన కొడుకు. పండుగొస్తె కాళ్ళు మొక్కిన. కాళ్ళు మొక్కినంత మాత్రాన మెచ్చుకోవాల్నా ఏంది?

ఇప్పుడు షోలాపూర్ల అశోక్ చౌక్ అంటున్నరే, దానికి ఇవతల మా వాడ. అప్పుడా పేరు లేదు. తెల్లారితె చాలు, వీధి పొడుగున పడుగులు సాపి గంజి పెట్టేటోళ్ళు, కుంచెలతోని దువ్వేటోళ్ళు. పోగు తెగొద్దని గంజి, మెత్తగుండాల్నని అండ్ల ఇంత పల్లి నూనె. మా పెదనాయిన గట్ల ఎండల నిలబడే మగ్గాల కార్ఖానా పెట్టిండు. ఆయన పోంగనె అన్న గద్దె మీద కూసున్నడు. మగ్గం గుంటల కాలు పెట్టి ఎరగడు. అడ్డపోగు ఇసిరే నాడె చేతికిస్తె ఏ దిక్కు ఇసరాల్నో తెల్వదు. గని నేతగాడు తెచ్చిన చీర ఇప్పి, "ఇగో, ఇక్కడ పోగు దప్పింది" అని కూలి కోసుడు మాత్రం మస్తు నేర్చిండు. నేను ఆ కార్ఖానాల్నె నూలు కండెలు చుట్టేదాన్ని. చెల్లెనని ఓ పైస ఎక్కువియ్యలే, మహారాజు!

షోలాపూర్ల తెల్లోళ్ళు పెట్టిన మార్షల్ లా లేచిపోయిన నాలుగైదేండ్లకు, పక్క పేటల ఇంకో కార్ఖానాదారు మోటరు కొన్నడు. మా అన్నకు అన్నం సయించలే. ఆయన గూడ ఓ నల్ల మోటరు తెచ్చి వాకిట్ల నిలబెట్టిండు. దానికి పసుపు కుంకుమ, గుమ్మడికాయ, హారతి. మా వదినె సుందరాబాయికి కొత్త కోడలప్పుడు గూడ గంత మర్యాద జరగలేదు.

మొదటేడు స్టేషన్ దిక్కున్న కంపెనీ దుకాణమే ఆయనకు పండరిపురం. అక్కడ దత్తాత్రి అని ఓ మిస్త్రీ ఉండె. తెల్ల అంగీ, చెవి మీద పెన్సిలు. "మాలక్, బయటోళ్ళ చెయ్యి పడితె కంపెనీకి జిమ్మేదారి లేదు" అని భయపెట్టిండు. ఇగ అన్న మోటరు తుమ్మినా అక్కడికే, దగ్గినా అక్కడికే. చక్రాలల్ల గాలి చూసినందుకు ఓ ధర, అద్దం తుడిచినందుకు ఓ ధర, ఊకనె చుట్టు తిరిగి చూసినందుకు ఇంకో ధర. దాన్ని తనిఖీ అంటరంట. చూసుడుకు గూడ పైసలైతె మా వాడల ఆడోళ్ళందరు మేడలు కట్టుదురు. దోపిడే అది. ఆ మాట కాదన.

ఏడాది తిరిగినంక మా అన్నకు కండ్లు తెరుచుకున్నయ్. "చోర్ సాలే! ఇగ నా మోటరు నేనే జేస్కుంట" అన్నడు. నిజం చెప్పాల్నంటె కొన్ని పనులు ఎవడన్న చేస్కోవచ్చు. నూనె మార్చుడు, గాలి కొట్టుడు, ప్లగ్గుల మసి గీకుడు. టాంగావాడు తన గుర్రానికి తానే దాణా పెట్టుకుంటలేడా? అంతట్ల ఆగితె నేను గూడ శభాష్ అందును. ఆగుతడా? రెండు ప్లగ్గులు గీకంగనె మోటరు తానే పుట్టించినట్టు మీసం తిప్పిండు. తలుపు ఊగితె మగ్గం తాడుతోని కట్టిండు. రెక్క తిరిగే పట్టా తెగితె నాడె కొట్టే తోలు కోసి కుట్టిండు. చూసినోళ్ళందరికి చెప్పుకునుడు: "దత్తాత్రి అయితె దీనికి ఎంత గుంజుతుండెనో ఎరికేనా?"

ఆ మిగిలిన పైసలు ఎక్కడివో నేను చెప్త. మోటరు మొండికేసినప్పుడల్లా కార్ఖానాలకు వచ్చి, "ఏయ్, మగ్గాలు ఆపుండ్రి, వచ్చి నూకుండ్రి" అనేటోడు. నేసినంత కూలి మా వాండ్లది. నూకినంత సేపు నేత లేదు, నేత లేకుంటె కూలి లేదు. దత్తాత్రికి ఇచ్చుడు తప్పిన పైసలన్ని మా కడుపులల్లకెళ్ళి పోయినయ్. పైగా ఏమనేటోడు? "కసరత్ అయితది, మంచిదే." సిగ్గు లేని నోరు.

ఇగ మా వదినె ముచ్చట. ఆమె తల్లి లచ్చుమవ్వ నైజాం ఇలాకలున్న నల్దుర్గల కొడుకు దగ్గర ఉండేది. మొగడు సచ్చినంక ఆ ముసలామె తానే మగ్గమెక్కి పిల్లల్ని సాకింది. వదినెకు గూడ నేత నేర్పింది. కండ్లకు పొరలొచ్చినయ్, ఏం కనవడదు. పోయిన మాటు వదినె పోయినప్పుడు చెయ్యి పట్టుకోని, "బిడ్డా, నీ చేత్తోని నేసిన చీర ఒక్కటి కట్టుకోని పోవాల్నని ఉన్నదే" అన్నది. అంతకంటె ఇంకేం అడగలే.

వదినె ఇంటికొచ్చి మొగణ్ణి ఓ మగ్గం అడిగింది. ఇంట్ల అన్ని మగ్గాలున్నయ్ గదా! "కార్ఖానాదారు పెండ్లాం గుంటల దిగుతదా? నా ఇజ్జత్ ఏంగావాలె? నాలుగు చీరలు కొనిస్త పో" అన్నడు. కొన్న చీరలు ఎవరికి కావాలె, మూర్ఖుడా! ఆమె మా ఇంటికొచ్చింది. మధ్యాహ్నం మా ఆయన తిని ఒరిగినప్పుడు, ఆయన మగ్గం మీద దొంగతనంగ కూసోని నేసుకున్నది. తెల్ల చీర, సన్నటి నల్లంచు. మగ్గం మీదికెళ్ళి కోసిన దినం నా మెడ కరుసుకోని ఏడ్చింది. "అంజమ్మా, మా అవ్వ బతికుండంగ దీన్ని ఆమె ఒంటి మీద చూడాలె. పోయినంక కప్పితె నాకొద్దు" అన్నది.

నాలుగు దినాలు కాలేదు, పొద్దున్నే నల్దుర్గ నుంచి మనిషొచ్చిండు. అవ్వకు గుటుక దిగుతలేదంట, బిడ్డా బిడ్డా అని కలవరిస్తున్నదంట. వదినె చీర మూట కట్టుకోని, నన్ను తోడు రమ్మని వాకిట్లకొచ్చింది. "సర్వీసు మోటరు ఇంక పోలేదు. నేను, అంజమ్మ టికెట్లు కొని అండ్ల పోతం" అన్నది.

అన్న ఊకుంటడా? "ఇంట్ల మోటరు పెట్టుకోని సర్వీసు మోటర్ల పోతె నలుగురు నా మొకాన ఉమ్మరా? నేను తీస్కపోత, కూసో."

గని ఆ మోటరు ముందల నీళ్ళ డబ్బా ఉంటది చూడుండ్రి, రేడియేటర్, అది కారుతున్నది. దత్తాత్రి ముందే చెప్పిండు, ఇప్పి అతుకు పెట్టాలె, రెండు దినాలు పడ్తది అని. మా అన్న ఆయన్ని తిట్టి వచ్చిండు. ఆ పొద్దున కింద మడుగు కట్టింది. వదినె మళ్ళ బతిమిలాడింది, "నీకు పుణ్యముంటది, నన్ను సర్వీసు మోటరెక్కియ్యి" అని. ఆయన ఇనలే. వీధిలకు పోయి, పడుగు పెట్టేటోళ్ళ కాడ బకెట్ గుంజుకోని, నిండ గంజి తెచ్చిండు.

"గదేంది అన్నా?" అన్న నేను.

"నీకేం ఎరిక అంజీ! పోగు తెగకుండ గంజి పడుతది గదా? చిల్లు గూడ గంజే పూడుస్తది. ఉగీచ్, ఉత్తగనె కంపెనీకి పైసలు పోసుడెందుకు?"

పల్చగున్నదని ఇంకో పిడికెడు జొన్నపిండి కలిపిండు. పల్లి నూనె పోసుడు గూడ మర్వలే, మా అన్న పనిమంతుడు!

వదినె నెత్తి పట్టుకున్నది. "అది కాగుతది గదయ్యా! కాగితె గంజి ఏమైతదో తెల్వదా?"

"ఏమే, మోటరు సంగతి నువ్వు నేర్పుతవా నాకు?"

ఏనాడన్న పొయ్యి మొకం చూసినోడైతె గద తెలుసుడు! పోసిండు. ఏం మాయనో, కారుడు ఆగింది. ఇగ చూడుండ్రి ఆయన మొకం! "చూసినవా? రెండు దినాల పని రెండు నిమిషాలల్ల!" అదే టైముకు చౌక్ల సర్వీసు మోటరు హారను మోగింది. వదినె అటు చూసింది. అది వెళ్ళిపోయింది.

నైజాం సరిహద్దు నాకా దాటిందాక బాగనే నడిచింది. ఆ ఎనుక మెల్లగ జొన్న సంకటి ఉడికిన వాసన. ఇంకొంత దూరం పోయేవరకు ముందలి మూతకెళ్ళి ఆవిరి. మోటరు గుర్రుమని రోడ్డు నడుమ నిలబడ్డది. చుట్టు జొన్న చేన్లు, చెట్టు గూడ లేదు.

"జెర సల్లారనియ్యి, పోతది" అన్నడు అన్న. వదినె ఆయన మొకం గూడ చూడలే. "అంజమ్మా, నేను బండి దొరుకుతదేమో చూస్త" అని రోడ్డు పట్టుకోని ముందలికి నడిచింది. మూట సీటు మీదనె ఉన్నది. నేను పక్క చేన్ల మోటబాయి కాడ నీళ్ళడుగుదామని దిగిన.

చెంబుతోని తిరిగొస్తుంటె కనవడ్డది. మా అన్న మూత తీద్దామని చూస్తున్నడు. అది కాలుతున్నది. ధోతి చెంగు పెట్టి తియ్యొచ్చు గదా? తెల్ల ధోతి మాసిపోతదని భయం. మోటర్లకు వంగి, మూట ఇప్పి, చీర తీసి, మడత మీద మడతేసి చేతికి చుట్టుకున్నడు.

"అన్నా! వద్దు! అది వద్దే!" అని ఒర్రుకుంట ఉరికిన. చెంబు ఏడ పడ్డదో తెల్వదు.

ఇన్నడు. ఇని గూడ తిప్పిండు. భుస్సుమని గంజి లేచింది. తుప్పు, నూనె కలిసి ఎర్రగ, చిక్కగ, సలసల కాగుకుంట అంత చీర మీదనె పడ్డది. మా అన్న నాలుగడుగులు ఎనుకకు దుంకి, చెయ్యి చూసుకోని, "దేవుడు మంచోడు, చీర లేకపోతె చెయ్యి బొబ్బలెక్కుతుండె" అన్నడు. ఆ మాట నా చెవులతోని ఇన్న, అబద్ధం గాదు.

వదినె చొప్ప బండి మాట్లాడుకోని వచ్చింది. చీర చూసింది. తిడుతదనుకున్న, నెత్తి కొట్టుకుంటదనుకున్న. చీరెత్తుకోని మోటబాయి కాడికి పోయి కడిగింది. గంజి కొంత పోయింది, మరక పోలే. పిండి, భుజం మీదేసుకోని బండెక్కింది. నేను ఎక్కిన.

"నువ్వు రావా?" అని నేనే అడిగిన అన్నను.

"నేనొస్తె మోటరు ఎవరు చూడాలె? ఎవడన్న చక్రాలు ఇప్పుకపోతె?" అన్నడు. అత్త పానం పోతున్నది, అల్లుడు చక్రాలకు కావలి. థూ, ఆయన మోటరు మీద మన్ను వొయ్య!

బండి మీద చీర గాలికి ఎండింది. దీపాలు పెట్టే యాళ్లకు నల్దుర్గ చేరినం. అవ్వ ఉన్నది. ఊపిరున్నది, తెలివున్నది. వదినె ఆమెను లేపి, ఒళ్ళు తుడిచి, చీర కట్టింది. చుట్టు కూసున్న ఆడోళ్ళు ఆ ఎర్ర మరకలు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నరు. అవ్వకు కనవడదు గదా. ఆమె వేళ్ళతోని అంచు తడిమింది. మెల్లగ మడతల మీదికి వచ్చింది. గంజి పేరుకోని గట్టి పడ్డ కాడ ఆగి, పామి చూసింది.

"గంజి మస్తు పట్టిందే బిడ్డా. నూనె గూడ సరింగ పడ్డది. ఎవరు పెట్టిన్రు?"

వదినె నా దిక్కు చూసింది. కండ్లల్ల నీళ్ళు జారుతున్నయ్, గొంతుల మాత్రం తెల్వనియ్యలే. "నీ అల్లుడే, అవ్వా."

"గట్లనా? ఏం చేతగానోడని తిట్టుకుంటి గదనే ఇన్నేండ్లు. నేర్చిండు పనోడు." అట్లనె ఆ చీర పిడికిట్ల పట్టుకోని పండుకున్నది. తెల్లారగట్ల పోయింది.

మోటరును ఎడ్లు కట్టి షోలాపూరుకు గుంజుకొచ్చిన్రు. దత్తాత్రి దాన్ని పూరా ఇప్పి, లోపల గడ్డ కట్టిన గంజి గీకి, ఉత్త అతుకుకు అయ్యేదానికి మూడింతలు రాసిండు. మా అన్న కిక్కురుమనకుండ ఇచ్చిండు.

అవ్వ దినాలైనంక నాకు కడుపుల మండి, ఆయనకు సిగ్గన్న రావాల్నని, అవ్వ అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పిన. తలకాయ వంచుకుంటడనుకున్న. మొకం వెలిగిపోయింది! "నిజంగ గట్లన్నదా? అత్తకు పని ఎరికనే" అని లేచి, సీద వీధిలకు పోయిండు. పడుగు దువ్వేటోళ్ళ నడుమ నిలబడి, "మా అత్త సచ్చేముందట నా గంజిని మెచ్చుకోని పోయింది, ఎరికేనా?" అని చెప్పుడు మొదలుపెట్టిండు. వదినె గడప కాడ నిలబడి అంత ఇన్నది.

ఆ మధ్యాహ్నం మళ్ళ మా ఇంటికొచ్చి మగ్గం గుంటల దిగింది. తెల్ల నూలు పట్టుకొచ్చింది. ఈ మాటు అంచు లేదు.

"ఎవరికి వదినె?" అన్న.

"మీ అన్న మీద కప్పనీకి" అన్నది, నాడె చేతికి తీస్కోని. "తొందరేం లేదు."

రాట్నం ముందలేసుకోని ఆమెకు కండెలు చుట్టిచ్చిన.