పెద్దాయన వస్తుండని అరిచింది నేనే

ఒక అబద్ధాన్ని చాలా ఏళ్లు మోశాను. మోయలేనంత బరువని గొప్పలు చెప్పను. పంటి సందులో ఇరుక్కున్న మక్కజొన్న పొట్టులాంటిది. నోరు మూసుకుంటే ఊరుకుంటుంది, నోరు తెరిస్తే నాలుక అక్కడికే పోతుంది. నేనేమో నోరు మూసుకునే మనిషిని కాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. ఇద్దరికీ అదే మంచిది.

ఉర్దూ బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. రజాకార్ల గొడవల్లో బడి మూతపడింది. గొడవలు అణిగాక బడి తెరుచుకుంది గాని నేను తెరుచుకోలేదు. కనబడినవాళ్లనల్లా వెక్కిరిస్తూ తిరిగే నన్ను చూసి, హుజూరాబాద్‌లో డేరా టాకీసు నడిపే సాబు, "నీ నోరు ఊకెనే పోతుందిరా, బండెక్కు" అన్నాడు. అట్లా కొలువు దొరికింది.

ఎడ్లబండికి రెండు పక్కలా తడికలు, వాటి మీద సినిమా బొమ్మలు. ముందు డప్పు, పైన రేకు గొట్టంతో నేను. చుట్టుపక్కల ఊళ్లలో బొమ్మ కింది అక్షరాలు చదివేవాళ్లు తక్కువ. సినిమాలో ఎవరున్నారు, అది ఏడిపిస్తుందా నవ్విస్తుందా, అంతా నా నోటితోనే తెలియాలి. నేను చెప్పిందే సినిమా.

అప్పట్లో ఒక పెద్ద నటుడుండేవాడు. పేరు రాయను, పెద్దాయన అంటాను. కిరీటం పెట్టి, మీసం దువ్వి, ఆగి ఆగి నవ్వితే మా డేరా గుంజలు కదిలేవి. వాళ్లింట్లో అన్నలు, తమ్ముళ్లు, అల్లుళ్లు అందరూ సినిమావాళ్లే. ఆయన చిన్న కొడుకు మొదటిసారి హీరోగా వేసిన సినిమా మా డేరాకు వచ్చింది. కత్తులు లేవు, కిరీటాలు లేవు. పని పోయిన ఒక మిల్లు కూలివాడి కథ. పెద్దాయన అందులో మచ్చుకైనా కనబడడు.

జనం రాలేదు. అంగడి రోజు బండి మీద నిలబడి ఎంత అరిచినా మిరపకాయల బేరం నుంచి ఒక్కరూ తల ఎత్తలేదు. నా మాటకు తల ఎత్తకపోతే నేను ఓర్చుకోలేను. గొట్టం మళ్లీ నోటికి పెట్టాను. "పెద్దాయన వస్తుండు. కిరీటం పెట్టుకొని వస్తుండు. కొడుకు ఆపదల ఉంటె తండ్రి ఊకుంటడా" అన్నాను. సాబు చెప్పమనలేదు. ఎవరూ చెప్పమనలేదు. తలలన్నీ లేచాయి.

ఆ సాయంత్రం డేరా నిండింది. విశ్రాంతి దాకా ఓపిక పట్టారు. తర్వాత పట్టలేదు. తెర మీద చిన్న కొడుకు కనబడినప్పుడల్లా ఎవడో ఒకడు లేవడమే.

"నువ్వు జర పక్కకు జరుగు, మీ బాపును రానియ్యి."

"గా పిలగాడు పరేషాన్ అయితుండు, వాళ్ల బాపును పిలువుండ్రి."

డేరా అంతా నవ్వు. నేనూ నవ్వాను. బాగా అన్నారు మరి.

వెనక కుర్చీల్లో ఆ చిన్న కొడుకే కూర్చుని ఉన్నాడని నాకు తెలియదు. ఏదో పని మీద కరీంనగర్ వచ్చినవాడు, తన సినిమాను పల్లె జనం మధ్య చూడాలని అక్కడి నుంచి ఎవరికీ చెప్పకుండా వచ్చాడట. మర్నాడు పొద్దున, నేను ఎడ్లకు గడ్డి వేస్తుంటే వచ్చి నిలబడ్డాడు. తెర మీద కంటే పొట్టిగా ఉన్నాడు.

"జనం మనసు నీకు బాగా తెలుసని మీ యజమాని చెప్పారు. వాళ్లు నాన్నగారిని ఎందుకు అడిగారు?"

పెద్దాయన ఉన్నాడని అబద్ధం చెప్పి వాళ్లను నేనే రప్పించాను బాబూ అంటే అయిపోయేది. అనలేదు.

"ఏం జెయ్యాలె బాబుగారూ, మావోళ్లు గంతే. మీ మొఖంల పెద్దాయనను దేవులాడుతుండ్రు."

"నేను బాగా చేయలేదా?"

"జేయలేదని గాదు. కని వాళ్ల కండ్లకు ఆనలే."

కింద పడ్డ గడ్డిపోచలు తీసి ఎద్దు నోటికి అందించాడు. "నాన్నగారు తన పాత వేషాలే నన్నూ వేయమంటున్నారు. మద్రాసులో అన్నీ సిద్ధం చేసి కూర్చున్నారు. నేను ఇలాంటి సినిమాలే చేస్తానని పంతం పట్టాను. ఇక్కడ ఒక్కరికి నచ్చినా ఆ పంతం మీదే ఉందామనుకున్నాను. ఒక్కరైనా బాగుందనలేదా?"

"ఎవ్వలు అనలే" అన్నాను.

"పోనీలే. నువ్వయినా నిజం చెప్పావు" అని నా భుజం తట్టి కారెక్కాడు.

ఎందుకట్లా అన్నాను? కొలువు పోతుందని భయమా? కొంత ఉండవచ్చు. కాని సాబు మంచివాడే, తిట్టి ఊరుకునేవాడు. అంత పెద్ద ఇంటి మనిషి వచ్చి, జనం మనసు తెలిసినవాడివని నన్ను అడుగుతుంటే, ఆ జనాన్ని మోసం చేసి తోలుకొచ్చింది నేనేనని చెప్పి ఆ గొప్పను పోగొట్టుకోబుద్ధి కాలేదు. ఇప్పటికి నాకు తోచింది ఇదే. ఇది కూడా నన్ను కాస్త అందంగా చూపించుకోవడమేమో.

కొన్నేళ్లకు సాబు డేరాను బోథ్‌కు మార్చాడు. అక్కడికి చిన్న కొడుకు కొత్త సినిమా వచ్చింది. కిరీటం, మీసం, ఆగి ఆగి నవ్వడం. ఒక ముసలవ్వ పక్కామెతో, "అచ్చం వాళ్ల బాపే గదనే" అంది. ఈలలు పడ్డాయి. బండి మీద నేను అరిచిన అబద్ధం అట్లా నిజమైంది. కొడుకు సినిమాలోకి తండ్రి వచ్చేశాడు. అయితే అసలు మనిషి ఇంకా వేషాలు వేస్తుంటే నకలును ఎన్నాళ్లు చూస్తారు? తర్వాత తర్వాత అతను తండ్రి సినిమాల్లోనే, తండ్రి వెనక బల్లెం పట్టుకుని నిలబడేవాడు. ఆ తర్వాత అదీ లేదు.

ఒక్క హుజూరాబాద్ ఊరి మాటకు ఒక మనిషి బతుకు మారుతుందా అని నాతో నేను వాదించుకున్నాను. చాలాసార్లు గెలిచాను కూడా. కాని అతను ఊరందరి మాట అడగలేదు. ఒక్కరి మాట అడిగాడు.

ఆ సినిమాలో ఒక చోట కూలివాడు పని పోగొట్టుకుని ఇంటికి వస్తాడు. తల్లి అన్నం పెడుతుంది. సంగతి ఆమెకు చెప్పడు. మనకు వీపు చూపించి కూర్చుని తింటాడు. మాట లేదు, పాట లేదు. ఒక చోట చెయ్యి ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. చేను పోయిన రోజు మా బాపు అట్లాగే తిన్నాడు. అందరినీ వెక్కిరించిన నేను ఆ వీపును వెక్కిరించలేకపోయాను. ఆ సినిమా ఆడినన్నాళ్లూ, ఏ పనిలో ఉన్నా, ఆ సమయానికి డేరాలోకి వచ్చి గుంజ పక్కన నిలబడేవాణ్ణి. అంగడి రోజు కూడా నిలబడ్డాను. నా చుట్టూ అందరూ నవ్వుతూనే ఉన్నారు.

బాబుగారూ, నాకు నచ్చింది.

అడిగినవాడికి చెప్పలేదు, అడగని మీకు చెబుతున్నాను. నాలుక కొంచెం తేలికైంది. అతనికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు.